చదును వేరు, మట్టం వేరు: పెద్ద ప్రింట్లకు కోటింగ్ బల్ల సిద్ధం చేసుకోవడం

మీ ప్రశ్న సారాంశం ఇది: 30×40 అంగుళాల కాగితం మీద గ్లాస్ రాడ్ (గాజు కడ్డీ) లాగుతూ చేత్తో సయనోటైప్ కోటింగ్, అంటే వెలుతురు తగిలితే నీలం బొమ్మ తేలే ద్రావణం, వేస్తున్నారు. నాలుగు కాళ్ల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచిన బల్ల. చిన్న షీట్లు బాగా వస్తున్నాయి, పెద్దవి మాత్రం నడుమ ముదురుగా, అంచుల్లో పలచగా తేలుతున్నాయి. ప్లైవుడ్ మీద మందపాటి గాజు వేస్తే సరిపోతుందా, ముందుముందు ప్రింట్ల కోసం జెలటిన్ పొర పోసుకోవడానికి కూడా అదే బల్ల పనికొస్తుందా అని అడుగుతున్నారు.

గాజు కొనడానికి తొందరపడకండి. ఆ తొందర నేను పడ్డాను. వంగిన ప్లైవుడ్ మీద 6 మిల్లీమీటర్ల గాజు వేసి, తళతళలాడే బల్లను చూసుకుని మురిసిపోయాను. మర్నాడు కోటింగ్ వేస్తే అదే ముదురు పట్టీ, అదే చోట. గాజు కింద ఏ వంపు ఉందో ఆ వంపులోకే ఒదిగి కూర్చుంది. గాజు అంటే బండలా బిగుసుకుని ఉంటుందని మనం అనుకుంటాం కానీ, ఆ పొడవుకి అది కూడా వంగుతుంది. 10 మిల్లీమీటర్ల గాజునే తీసుకుని, 1.2 మీటర్ల దూరంలో రెండు చివర్లా రెండు ఆధారాలు పెట్టి ఆనిస్తే, పైన ఏ బరువూ లేకుండానే నడుమ సుమారు 1 మిల్లీమీటరు కిందికి దిగుతుంది. లెక్క వేసి చూసినప్పుడు నేనే నమ్మలేదు, బద్ద పెట్టి కొలిచాక నమ్మాను.

ముందు తేల్చుకోవాల్సింది, తప్పు బల్లదా కాగితానిదా అన్నది. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక షీటుకి మామూలుగా కోటింగ్ వేయండి. రెండో షీటును 90 డిగ్రీలు తిప్పి, బల్ల మీద అదే చోట పెట్టి వేయండి. ఆరాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ముదురు పట్టీ రెండింట్లోనూ బల్ల మీద ఒకే చోట పడితే దోషం బల్లది. కాగితంతో పాటు పట్టీ కూడా తిరిగితే దోషం కాగితానిది: తడికి పొంగి అలలు తేలుతోంది, ద్రవం ఆ అలల పల్లాల్లోకి జారుతోంది. కాగితం పీచు సాగిన దిశకు అడ్డంగా ఎక్కువ పొంగుతుంది కాబట్టి అలలు పీచు దిశలోనే వరసలుగా లేస్తాయి. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది, అప్పుడు ముందు బల్ల సంగతి చూడండి.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి బల్లే అని నా అనుమానం. గ్లాస్ రాడ్‌తో లాగుతున్నారు కదా. రాడ్ వంగదు. కాగితం కింద బల్ల అర మిల్లీమీటరు లోపలికి ఉంటే రాడ్ ఆ గుంట మీదుగా వంతెనలా దాటుతుంది, దాని కింద ద్రవం మందంగా మిగిలిపోతుంది. చిన్న షీట్లకి ఈ బాధ తెలియదు, ఎందుకంటే అంత చిన్న దూరంలో గుంట లోతు లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు విషయం. చదును, మట్టం అనే రెండు మాటల్ని మనం కలిపేసి వాడుతుంటాం, అక్కడే డబ్బులు వృథా అవుతాయి. చదును అంటే ఉపరితలంలో గుంటలు, బుడిపెలు, మెలిక (ఒక మూల మిగతావాటికన్నా పైకి లేచి పలక తిరిగిపోవడం) లేకపోవడం. మట్టం అంటే అది భూమికి సమాంతరంగా ఉండటం. గోడకి ఆనించిన అద్దం చదునైనదే, మట్టంగా లేదు. గిన్నెలో అడుగున ఉన్న లొట్టకి సంబంధం లేకుండా పైన నీళ్లు మట్టంగానే ఉంటాయి, అడుగు చదునుగా లేదు.

మీరు చేసే పనికి ఏది కావాలో చూసుకోండి. రాడ్‌తో వేసే సెన్సిటైజర్‌కు, అంటే వెలుతురుకి స్పందించే ఆ ద్రావణానికి, కావాల్సింది చదును. అది కాగితంలోకి ఇంకిపోతుంది, పారేంత సమయం ఉండదు. బల్ల ఒకవైపు 3 మిల్లీమీటర్లు దిగి ఉన్నా కోటింగ్‌లో తేడా నాకు ఎప్పుడూ కనబడలేదు. వెడల్పాటి బ్రష్‌తో వేసేవాళ్లకి చదును కూడా అంత ముఖ్యం కాదు, వెంట్రుకలు గుంటలోకి దిగి పని కానిచ్చేస్తాయి. జెలటిన్ పోయడం, లేదా ప్రింట్ మీద తనంతట తాను పరుచుకునే వార్నిష్ పోయడం మాత్రం వేరే లోకం. అక్కడ ద్రవం నిమిషాల తరబడి ద్రవంగానే ఉంటుంది, దానికి చదునూ కావాలి, మట్టమూ కావాలి.

ఒక్క లెక్క చూడండి. 76×102 సెంటీమీటర్ల షీటు మీద, అంటే మీ 30×40 అంగుళాల దాని మీద, 1 మిల్లీమీటరు మందాన జెలటిన్ పోయాలంటే సుమారు 775 మిల్లీలీటర్లు పడుతుంది. బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి కేవలం 1 మిల్లీమీటరు వాలి ఉందనుకోండి. పై చివర పొర అర మిల్లీమీటరు, కింది చివర ఒకటిన్నర. అంటే ఒకే షీటులో మందం మూడింతలు తేడా. ప్రింట్‌లో అది నీడల్లో బయటపడుతుంది, ఒకవైపు నల్లగా నిండుగా, ఇంకోవైపు వెలిసిపోయినట్టు. ఇందుకే జెలటిన్ వాళ్లు మట్టం గురించి అంత చాదస్తంగా ఉంటారు, వాళ్లని వెక్కిరించకండి.

చదును కొలవడానికి ఒక అల్యూమినియం బద్ద కావాలి, బల్ల పొడవుంత. ముందు ఆ బద్దనే అనుమానించండి. పెద్ద కాగితం మీద దాని అంచు వెంట సన్నటి పెన్సిల్ గీత గీసి, బద్దను బోర్లా తిప్పి అదే రెండు చివరల మధ్య మళ్లీ గీయండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే బద్ద తిన్నగా ఉంది. మధ్యలో సందు వస్తే, అందులో సగం బద్ద వంకర. ఇక బద్దను అంచు మీద నిలబెట్టి బల్ల మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, వెనక నుంచి టార్చి లైటు వేయండి. వెలుతురు ఎక్కడ తొంగిచూస్తుందో అక్కడ గుంట. ఎంత గుంటో తెలియాలంటే మామూలు ప్రింటర్ కాగితమే కొలమానం, ఒక్కోటి సుమారు 0.1 మిల్లీమీటరు. బద్ద కింద రెండు కాగితాలు దూరి మూడోది దూరకపోతే 0.2. రాడ్ పనికి నేను పెట్టుకున్న హద్దు అదే: రెండు కాగితాలు. ఐదు దూరితే బల్ల మార్చాలి.

మెలిక మాత్రం బద్దకి అన్నిసార్లూ దొరకదు. నాలుగు మూలల్లో ఒకే ఎత్తున్న చెక్క దిమ్మలు పెట్టి, మూల నుంచి మూలకు రెండు దారాలు బిగించండి. నడుమ రెండూ తగిలీ తగలనట్టు కలిస్తే మెలిక లేదు. సందు కనబడితే ఉంది. ఆ తర్వాత కింది దారాన్ని పైకి, పైదాన్ని కిందికి మార్చి ఇంకోసారి చూడండి. మెలిక అవతలివైపు ఉంటే మొదటిసారి దారాలు ఒకదాన్నొకటి నొక్కుకుని, అంతా బాగున్నట్టే కనిపిస్తాయి.

ఇక కట్టడం. ఒకే మందపాటి పలక కొని సమస్య తీరిందనుకోవడం కన్నా, రెండు పలచని షీట్ల మధ్య గళ్ల చట్రం పెట్టి అతికించిన పెట్టె ఎప్పుడూ మేలు. దీన్నే టోర్షన్ బాక్స్ అంటారు. పలక బిగువు మందంతో పాటు కాదు, మందం ఘనంతో పెరుగుతుంది: మందం రెట్టింపైతే వంపుకి ఎదురు నిలిచే శక్తి ఎనిమిది రెట్లు. పెట్టెలో ఆ మందం గాలితో వస్తుంది, బరువు లేకుండా. నాది పైనా కిందా 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక), నడుమ 8 సెంటీమీటర్ల ఎత్తు బద్దలు, 15 సెంటీమీటర్లకొక గడి. మీ షీటుకి బల్ల కనీసం 105×130 సెంటీమీటర్లు ఉండనివ్వండి. చుట్టూ ఖాళీ లేకపోతే రాడ్ ఆగడానికి చోటుండదు, ప్రతి షీటు చివరా ద్రవం గుడ్డతో ఎత్తుకోవాలి.

ఒక్క మెలకువ: ఆ పెట్టె ఏ నేల మీద పెట్టి జిగురు ఆరబెడతారో ఆ నేల ఆకారమే దానికి శాశ్వతంగా వస్తుంది. వంకర నేల మీద ఆరితే వంకర పెట్టే తయారవుతుంది, తర్వాత ఏం చేసినా విప్పలేరు. కింద రెండు తిన్నని బద్దలు పెట్టి, దారాలతో మెలిక చూసుకుని, అప్పుడు జిగురు పూయండి. ఇంత వడ్రంగం వద్దనుకుంటే గట్టి ఫ్లష్ డోర్ ఒకటి కొనండి. అన్నీ చదునుగా ఉండవు, కాబట్టి దుకాణంలోనే బద్ద పెట్టి చూడండి. దుకాణంవాడు వింతగా చూస్తాడు, పట్టించుకోకండి.

పెట్టె చదునుగా వచ్చాక గాజు వేసుకోండి, అప్పుడు 6 మిల్లీమీటర్లు చాలు. అప్పుడు గాజు చేయాల్సిన పని ద్రవం ఇంకకుండా చూడటం, సులభంగా తుడవనివ్వడం మాత్రమే. ఇప్పుడు దొరికే గాజు ఎలా చదునవుతుందో చెప్పాలి, నాకు ఇష్టమైన సంగతి. 1959లో పిల్కింగ్టన్ కంపెనీ బయటపెట్టిన పద్ధతి: కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలుస్తారు. ద్రవం మీద ద్రవం తేలి, మట్టం కుదిరి, ఆ మట్టమే గడ్డకట్టి చదునవుతుంది. కానీ దాన్నే మళ్లీ వేడిచేసి గట్టిపరిస్తే, అంటే టఫెన్డ్ చేస్తే, కొలిమిలో రోలర్ల మీద దొర్లి సన్నటి అలలు వస్తాయి. ట్యూబ్‌లైటు ప్రతిబింబం దాని మీద పడేలా నిలబడి తల కదిపితే ఆ గీత వణుకుతుంది. మామూలు ఫ్లోట్ గాజులో వణకదు. కోటింగ్‌కు నేను మామూలు గాజే వాడతాను, అంచులు నున్నగా అరగదీయించి, అడుగు మొత్తం పెట్టెకి ఆనేలా. పగిలితే ప్రమాదమన్నది నిజమే. పిల్లలు తిరిగే ఇల్లయితే రెండు గాజులు నడుమ పొరతో అతికించిన లామినేటెడ్ తీసుకోండి. పరిచేటప్పుడు కింద ఇసుక రేణువు కూడా ఉండకూడదు, అక్కడే పైకి బుడిపె లేస్తుంది, ఒకనాడు అక్కడి నుంచే పగులుతుంది.

పెట్టె కట్టకుండా మందపాటి గాజే నేరుగా నిలబెట్టాలని పట్టుబడితే ఒక ఉపాయం ఉంది. ఆధారాలను చివర్లలో పెట్టొద్దు. పొడవులో 22 శాతం లోపలికి, అంటే 130 సెంటీమీటర్ల గాజుకి ఒక్కో చివర నుంచి 28 నుంచి 29 సెంటీమీటర్ల దగ్గర, బల్ల వెడల్పంతా ఆనేలా ఒక్కో అడ్డదూలం పెట్టండి. బయటికి ఉన్న చివరలు తమ బరువుతో నడుమను పైకి ఎత్తిపట్టి, కుంగు చాలా తక్కువకు పడిపోతుంది. 10 మిల్లీమీటర్ల మందంలో ఆ కొలత గాజు 34 కిలోలు ఉంటుంది, ఒంటిచేతి పని కాదు.

గ్రానైట్ పలక గురించి చాలామంది అడుగుతారు. చదును బాగుంటుంది, మందంగా ఉంటే అంతగా వంగదు, రసాయనాలకు అంత తేలిగ్గా లొంగదు. బరువు మోసే కాళ్లుంటే మంచిదే. జెలటిన్‌కు మాత్రం ఇబ్బంది, అది తర్వాత చెప్తాను.

మట్టం చేయడానికి నాలుగు కాళ్లు శత్రువులు. ఎప్పుడూ మూడు మీదే బల్ల నిలుస్తుంది, నాలుగోది గాల్లో ఉంటుంది, మీరు ఒక మూలకి ఒరిగితే అటు వాలుతుంది. నా పెట్టె చట్రం మీద మూడు ఎం10 (10 మిల్లీమీటర్ల లావు) బోల్టుల మీద కూర్చుంటుంది: ఒక పొడవు వైపు రెండు, ఎదుటి వైపు నడుమ ఒకటి. మిగిలిన మూలల కింద చెక్క దిమ్మలు ఉంటాయి, పెట్టెకి రెండు మూడు మిల్లీమీటర్లు తగలకుండా, ఎవరైనా ఆనుకుంటే ఒరిగి పడకుండా. ఎం10 బోల్టు ఒక చుట్టు తిరిగితే 1.5 మిల్లీమీటర్లు లేస్తుంది. దాని తలకి ఆరు ముఖాలు. కాబట్టి స్పానరుతో ఒక్కో ముఖం తిప్పితే సరిగ్గా పావు మిల్లీమీటరు. ఇది తెలిశాక మట్టం చేయడం ఊహ కాకుండా లెక్క అవుతుంది.

వరస తప్పకండి. ముందు రెండు బోల్టులున్న వైపు రసమట్టాన్ని ఆ గీత వెంట పెట్టి బుడగను నడుమకు తెండి. తర్వాత అడ్డంగా తిప్పి, మూడో బోల్టు ఒక్కటే తాకండి. మూడోది మొదటి గీతను కదపదు, అందుకే రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. నాలుగు కాళ్లతో అయితే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతూ సాయంత్రం అవుతుంది.

రసమట్టాన్ని కూడా నమ్మేయకండి. పెట్టిన చోటే దాన్ని అటుదిటు తిప్పి పెట్టండి. బుడగ రెండుసార్లూ బల్లకి ఒకే వైపు, ఒకే దూరాన నిలిస్తే చెప్పింది నిజం. తేడా వస్తే ఆ తేడాలో సగం పరికరానిది. మామూలుగా దొరికేవి మీటరుకి అర మిల్లీమీటరు వరకే చెప్పగలవు. అంటే బుడగ నడుమనే ఉన్నా మీ జెలటిన్ పొర ఒక చివర ముప్పావు, ఇంకో చివర ఒకటింబావు మిల్లీమీటరు ఉండొచ్చు. రాడ్ పనికి అది ఎక్కువే, జెలటిన్‌కు చాలదు. అక్కడ ఆఖరి మాట ద్రవానిదే: రంగు కలిపిన జెలటిన్ కొంచెం గాజు మీద పోసి గట్టిపడనిచ్చి, కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి చూడండి. ముదురుగా ఉన్న వైపు బోల్టును ఒక ముఖం ఎత్తండి. రెండు మూడు విడతల్లో కుదురుతుంది. గాజు గోళీ దొర్లించి చూడటం సరదాగా ఉంటుంది, అది దిక్కు చెప్తుంది గానీ ఎంతో చెప్పదు.

చెక్క నేల అయితే ఇంకో చిక్కు. మీరు బల్ల దగ్గర నిలబడినప్పుడు నేల కొంచెం దిగి బల్ల వాలుతుంది. మట్టం చేసేటప్పుడు పోసేటప్పుడు నిలబడే చోటే నిలబడండి, స్పానరు తిప్పే పని ఇంకొకరికి అప్పజెప్పండి.

జెలటిన్‌ను 40 నుంచి 45 డిగ్రీల వేడిలో పోస్తాం. చల్లని గ్రానైట్ దాని వేడిని క్షణాల్లో లాగేస్తుంది, పరుచుకోకముందే అంచుల్లో గడ్డకడుతుంది, పోసిన వరసలు గట్లలా మిగిలిపోతాయి. పలకను ముందే వేడినీళ్ల గుడ్డతో తుడిచి గోరువెచ్చగా చేస్తే కొంత నయం. ఎండీఎఫ్ మీద గాజుకు ఈ గొడవ తక్కువ. అటుపక్క గది 30 డిగ్రీలు దాటితే జెలటిన్ గట్టిపడటానికి మొరాయిస్తుంది, అలాంటి రోజు చల్లని రాయే మేలు అనిపిస్తుంది. ఏ బల్లైనా ఏదో ఒక రోజు విసిగిస్తుంది.

కాగితం సంగతి ఇప్పుడు. జెలటిన్‌కైతే షీటును నానబెట్టి, గాజు మీద పరిచి, రబ్బరు పట్టీతో నడుమ నుంచి అంచులకు నీళ్లు తోసేయండి, తడి కాగితం గాజుకి అంటుకుని కదలదు. సెన్సిటైజర్‌కు పొడి కాగితమే కాబట్టి నాలుగు వైపులా టేపు, అది కూడా ముందు ఎదురెదురు మూలలు లాగి బిగించి. గాజు కిందివైపు గళ్లు గీసిన కాగితం అంటించుకుంటే షీటు వంకరగా పరిచే బాధ ఉండదు. బల్ల కింద, చుట్టూ బయటికి కనిపించే ఇనుప మేకులు, స్క్రూలు లేకుండా చూసుకోండి. సయనోటైప్ ద్రావణం ఇనుముకి తగిలితే నీలం మచ్చ పడుతుంది, లోహపు పట్టీ ఉన్న బ్రష్ కూడా అంతే.

కాగితం కింద ఒక్క ఇసుక రేణువు ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. రాడ్ దాని మీదుగా వెళ్లినప్పుడు ఆ చుక్క దగ్గర ద్రవం నలిగి పక్కకు పోతుంది, చుట్టూ వలయంలా నిలుస్తుంది. ఆరాక మధ్యలో ఆవగింజంత పాలిపోయిన చుక్క, దాని చుట్టూ ముదురు ఉంగరం. ఆకాశం ఉన్న ఫొటోలో అది చంద్రగ్రహణంలా కనబడుతుంది. ప్రతి షీటుకీ ముందు గాజును తడిగుడ్డతో తుడిచి, అరచేతిని మెల్లగా దాని మీద జరపండి. కంటికి దొరకని రేణువు చేతికి దొరుకుతుంది.

లైటు పైనుంచి కాదు, పక్క నుంచి, బల్ల ఎత్తుకి కొంచెం పైన పెట్టండి, పసుపు రంగుదో తక్కువ వాట్ల మామూలు బల్బో. తడి మీద జారిన వెలుతురులో ఎక్కడ నిలవ ఉందో, ఎక్కడ వదిలేశారో ఆ క్షణమే కనిపిస్తుంది. ఫ్యాను తప్పకుండా ఆపండి. 30×40 షీటుకి రాడ్‌తో 30 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అంత తడి మీద గాలి తగిలితే ఒకవైపు ముందే ఆరి, కాగితం అటు లాక్కుంటుంది. పైమెరుపు పోయేదాకా షీటును కదపకండి.

ఎత్తు గురించి ఒక్క మాట. నిలబడి చెయ్యి మడిస్తే మోచేతికి ఒక జానెడు కింద బల్ల ఉండాలి. ఇంకా కిందకైతే రాడ్ మీద మీ ఒంటి బరువు పడి ఒకవైపు నొక్కు ఎక్కువవుతుంది. 105 సెంటీమీటర్ల వెడల్పు ఒక వైపు నుంచి చేతికి అందదు, కనీసం మూడు వైపుల తిరిగే చోటు వదలండి. గోడకి ఆనించిన బల్ల మీద పెద్ద షీటు వేయడానికి ఒకసారి ప్రయత్నించాను, చివరి పావువంతు బొటనవేళ్ల మీద నిలబడి లాగాను. ఆ పావువంతు ఎలా వచ్చిందో నేను చెప్పక్కర్లేదు.